ప్రార్థన మధ్యలో మాట మరిచిపోతే

తలకు దెబ్బ తగిలి కర్నూలు పెద్దాసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషికి కుట్లు మానతాయి, వాపు తగ్గుతుంది. చూడ్డానికొచ్చిన చుట్టాలు "దేవుని దయ, బతికి బయటపడినాడు" అని ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ మనిషి విశ్వాసి అయితే అసలు భయం ఆ తర్వాత మొదలవుతుంది. ప్రార్థనకు మోకాళ్ళూనితే రెండు మాటల తర్వాత మూడోది రాదు. సండే స్కూలు రోజుల నుంచీ కంఠతా వచ్చిన కీర్తన మధ్యలో తెగిపోతుంది. బైబిలు తెరిస్తే అదే వచనం మళ్ళీ మళ్ళీ చదువుతున్నా లోపలికి దిగదు. ఆరాధనలో చుట్టూ ఉన్నవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లుతుంటే తనలో ఏ కదలికా ఉండదు. అప్పుడు ఎవరితోనూ చెప్పుకోలేని ప్రశ్న ఒకటి లోపల తొలుస్తుంది. దేవుడు నన్ను వదిలేశాడా? నా విశ్వాసం చచ్చిపోయిందా?

జవాబు ముందే చెప్పేస్తాను. ఆ రెండూ జరగలేదు. మీ మెదడుకు గాయమైంది. ప్రార్థనకు, వాక్యానికి, పాటకు, కన్నీళ్ళకు ఇన్నాళ్ళూ మీరు వాడుకున్నది ఆ మెదడునే కాబట్టి, గాయం అక్కడ కూడా కనబడుతోంది. కాలు విరిగినవాడు మోకాళ్ళూనలేకపోతే ఎవరూ అతని భక్తిని శంకించరు. మెదడు దెబ్బతిన్నవాడు మనసు నిలపలేకపోతే మాత్రం అతన్నతడే శంకించుకుంటాడు. ముందు ఆ అన్యాయం ఆగాలి.

నందికొట్కూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఈ మాట వినాల్సిన ఇళ్ళు చాలా ఉన్నాయి. కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్ళే రోడ్డు మీద బస్సులు, లారీలు, పంట ఎత్తిన ట్రాక్టర్లు, హెల్మెట్ లేని బైకులు అన్నీ ఒకే దారిలో పోతాయి. మిద్దె మీద నుంచి జారినవాళ్ళు, మేకలకు కొమ్మలు కొట్టబోయి చెట్టు మీద నుంచి పడ్డవాళ్ళు, పక్షవాతంతో మెదడు దెబ్బతిన్నవాళ్ళు వీళ్ళకు తోడు. మన పక్క ఊరోళ్ళ మాటల్లో అయితే "తలకాయకు దెబ్బ తగిల్నప్పట్నుంచి ముందటి మాదిరి లేడు". ఆ ఒక్క వాక్యంలో భార్య బెంగ, తల్లి ఏడుపు, పిల్లల భయం అన్నీ ఉన్నాయి.

లోపల ఏం జరిగింది

డిశ్చార్జి కాగితం మీద జీసీఎస్ అని ఒక అంకె ఉంటుంది. 1974లో గ్లాస్గోలో ఇద్దరు వైద్యులు, టీస్‌డేల్, జెన్నెట్, తయారుచేసిన కొలత అది. కళ్ళు తెరవడం, మాట్లాడటం, కాళ్ళూ చేతులూ కదిలించడం చూసి 3 నుంచి 15 వరకు మార్కులు వేస్తారు. 15కి 15 వచ్చిన రోజున ఇంటికి పంపితే అందరూ ఇక బాగైనట్టే అనుకుంటారు. కానీ ఆ అంకె మెలకువను కొలుస్తుంది. ఓపికను, జ్ఞాపకాన్ని, కోపాన్ని, మనసు నిలకడను కొలవదు. స్కానింగులో ఏమీ కనబడకపోయినా ఈ ఇబ్బందులు ఉండొచ్చు. కాబట్టి "స్కానింగ్ నార్మలే గదా, నువ్వే సోమరిపోతువైనావు" అనే మాట ఏ ఇంట్లోనూ వినబడకూడదు.

నుదుటి వెనక భాగం దెబ్బతింటే పని మొదలుపెట్టడం, నోటిని అదుపులో పెట్టుకోవడం, కోపాన్ని ఆపుకోవడం కష్టమవుతాయి. చెవుల పక్క భాగం దెబ్బతింటే కొత్త సంగతులు నిలవవు, ఒక్కోసారి మాటలు దొరకవు. వీటన్నిటికీ తోడు అలసట. అరగంట మనుషుల మధ్య కూర్చుంటే రోజంతా కళ్ళంలో పనిచేసినంత నీరసం వస్తుంది. చప్పుడు, వెలుతురు తలలో గుచ్చుకుంటాయి. ఏడుపు రావాల్సిన చోట రాదు, రాకూడని చోట వస్తుంది.

అమెరికాలో 1848లో ఫినియస్ గేజ్ అనే రైల్వే పని మేస్త్రీ ఉండేవాడు. బండ పేల్చే పనిలో మీటరుకు పైగా పొడవున్న ఇనప కడ్డీ అతని చెంప కింద దూరి నడినెత్తి నుంచి బయటికి పోయింది. అతను బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. కానీ నెమ్మదస్తుడని పేరున్నవాడు మొరటుగా, మాట నిలవనివాడుగా మారాడని అతన్ని చూసిన డాక్టరు రాశాడు. చాలా వైద్య పుస్తకాలు ఈ కథను ఇక్కడ ఆపేస్తాయి. నాకు ఆ తర్వాతి భాగమే ముఖ్యం. గేజ్ దక్షిణ అమెరికాలోని చిలీ దేశం వెళ్ళి ఏళ్ళ తరబడి గుర్రపు బండి నడిపాడు. రోజూ అదే వేళకు లేవడం, అవే గుర్రాలు, అదే దారి. ఆ క్రమమే అతన్ని మళ్ళీ మనుషుల్లో కలిపిందని ఇటీవలి పరిశోధకులు అంటున్నారు. గాయపడ్డ మెదడుకు మందు తర్వాత అంత మేలు చేసేది దినచర్య. విశ్వాస జీవితానికి కూడా ఈ సూత్రమే పనికొస్తుంది, దాని దగ్గరికి వస్తాను.

కోపం సంగతి ఇక్కడే తేల్చుకుందాం. అన్నం ఆలస్యమైందని కంచం విసిరేశారు. తర్వాత కూర్చుని "నేను పాపిని, రక్షణ పోగొట్టుకున్నాను" అని కుమిలిపోయారు. ఆ కోపంలో చాలా భాగం గాయానిది. దాని కోసం నరకాన్ని తలుచుకోవద్దు. అయితే కంచం తగిలిన నొప్పి మీ ఆవిడదే కాబట్టి బాధ్యత మాత్రం వదిలెయ్యొద్దు. తల వేడెక్కుతున్నట్టు తెలియగానే లేచి బయటికి వెళ్ళి వేపచెట్టు కింద కూర్చోండి. ఇంట్లో వాళ్ళతో ముందే ఒక సైగ మాట్లాడుకోండి: చెయ్యి ఎత్తితే ఎవరూ ఆపకూడదు, ఎవరూ వెనక రాకూడదు. చల్లబడ్డాక వచ్చి, తప్పయిందని నోటితో చెప్పండి. క్షమాపణ అడగడం గాయపడ్డ మెదడు కూడా నేర్చుకోగల పని.

పట్టు ఎవరిది

దెబ్బ తగలకముందు మనలో చాలామంది విశ్వాసాన్ని మన పట్టుదలగానే అనుకుంటాం. ఎన్ని అధ్యాయాలు చదివాం, ఎంతసేపు ప్రార్థించాం, ఎన్ని వచనాలు నోటికొచ్చు. గాయం ఆ లెక్కలన్నీ చెరిపేస్తుంది. అప్పుడు మిగిలేది ఏమిటో బైబిలే చెబుతుంది. యెషయా గ్రంథం 49వ అధ్యాయంలో దేవుడు తన ప్రజలతో చెప్పే మాట ఒకటుంది. తల్లి చంటిబిడ్డను మరిచినా తాను మరువనని, వాళ్ళను తన అరచేతుల మీద చెక్కుకున్నానని. జ్ఞాపకశక్తి పోయిన మనిషికి ఇంతకంటే సూటిగా తగిలే మాట నాకు తెలియదు. గుర్తుపెట్టుకునే పని ఆయన తీసుకున్నాడు. మీరు ఈ రోజు ప్రార్థించారో లేదో మీకు గుర్తులేకపోయినా, మీరెవరో ఆయనకు గుర్తే.

మాట రానివాళ్ళకు రోమా పత్రిక 8వ అధ్యాయం ఉంది. ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మే మన తరఫున మాటలకందని మూలుగులతో వేడుకుంటాడని పౌలు రాశాడు. ఆ అధ్యాయాన్ని ఆరోగ్యవంతులు బోధకు వాడుకుంటారు. నోట్లో మాట చిక్కుకుపోయే మనిషికి అది రోజువారీ భోజనం. మీరు మూలిగినా, ఊరికే పైకి చూసినా అది ప్రార్థనే. ఇంకో మూడు మాటలు అతకలేదని బాధపడొద్దు.

ఎంతకాలానికి బాగవుతానని అడిగేవాళ్ళు మార్కు సువార్త 8వ అధ్యాయం చదివించుకోండి. బేత్సయిదాలో గుడ్డివాడికి యేసు ఒకసారి చెయ్యి ఉంచితే చూపు సగమే వచ్చింది. మనుషులు నడిచే చెట్లలా కనబడుతున్నారన్నాడు. రెండోసారి చెయ్యి ఉంచాకే తేటగా చూశాడు. అడుగడుగునా తక్షణ స్వస్థతలే ఉన్న సువార్తలో ఈ ఒక్కటి రెండు అంచెల్లో జరిగింది. సగం చూపు వచ్చిన ఆ మధ్య సమయంలో అతని విశ్వాసాన్ని ప్రభువు తప్పుపట్టలేదు. మెదడు గాయం తర్వాత మొదటి 6 నెలల్లో మార్పు త్వరగా కనబడుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది, కానీ ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా సాగుతూనే ఉంటుంది. కొన్ని తిరిగి రాకపోవచ్చు కూడా. పౌలు శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు అడిగాడు, తీయలేదు. ఆ ముల్లుతోనే బతకడానికి చాలినంత కృప ఇస్తానన్న జవాబు వచ్చింది. దేవుడు ఆయనను చిన్నచూపు చూసినట్టు ఎవరూ అనలేదు.

88వ కీర్తన గురించి మన గుళ్ళలో తక్కువ మాట్లాడతారు. మొర పెట్టి, అడిగి, నిష్ఠూరమాడి చివరికి చీకటి అన్న మాట దగ్గరే ముగుస్తుంది. స్తుతితో ముగించాలన్న తొందర అందులో లేదు. అలాంటి ప్రార్థన కూడా బైబిల్లో ఉంది కాబట్టి, ఈ రోజు మీకు స్తోత్రం నోట రాకపోతే నిష్ఠూరమే చెప్పండి. నటించిన సంతోషం కంటే అది నిజాయితీ గల ఆరాధన.

చిన్న ప్రార్థన, ఒకే వేళ

ఇప్పుడు దినచర్య. గంట ప్రార్థన వదిలేయండి. ఒక వాక్యం చాలు. దాన్ని మీరు ఎలాగూ చేసే పనికి కట్టేయండి: పొద్దున మాత్ర మింగేటప్పుడు ఒకసారి, మధ్యాహ్నం రొట్టె తుంచేటప్పుడు ఒకసారి, రాత్రి దీపం ఆర్పేటప్పుడు ఒకసారి. అవే మాటలు, అదే చోటు. కొత్తదనం ఆరోగ్యవంతుల ముచ్చట. మీకు పనికొచ్చేది పాత మాటే. వారమంతా ఒకే కీర్తన వినండి. చదవడం కష్టమైతే ఫోనులో తెలుగు బైబిలు ఆడియో ఉంటుంది. పది నిమిషాలకు అలారం పెట్టుకుని ఆపేయండి. అలసిపోయే దాకా వింటే ఏమీ మిగలదు. ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి "ప్రార్థించాను" అని రాసుకోండి. సాయంత్రం అనుమానం వచ్చినప్పుడు ఆ గీతలే సాక్ష్యం.

ఏలీయా ప్రవక్త కథ గుర్తుచేసుకోండి. అలిసిపోయి, భయపడి, చచ్చిపోతే బాగుండునని ఒక చెట్టు కింద పడుకున్నాడు. దేవదూత వచ్చి బోధ చేయలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. కొండ మీద మాట్లాడటం ఆ తర్వాత. మధ్యాహ్నం నిద్రపోయినందుకు సిగ్గుపడే ప్రతి గాయపడ్డ విశ్వాసికీ ఇది సమాధానం. నిద్ర మీకు మందు.

దీనికి ఆనుకుని ఒక హెచ్చరిక ఉంది. దీన్ని మాత్రం గట్టిగా చెప్పాలి. తలకు పెద్ద దెబ్బ తగిలినవాళ్ళలో కొందరికి తర్వాత మూర్ఛలు వస్తాయి. వాటిని ఆపడానికి డాక్టర్లు మాత్రలు రాస్తారు. నిద్ర చెడితే, మాత్ర తప్పితే మూర్ఛ తిరగబెట్టవచ్చు. కాబట్టి మీరు రాత్రంతా జరిగే ప్రార్థనలకు వెళ్ళకండి. మందు మానేసి ఉపవాసం ఉండకండి. ఉపవాస కూడికకు వెళ్ళాలనిపిస్తే మాత్ర వేసుకుని, తినాల్సింది తిని, గంట కూర్చుని రండి. "విశ్వాసం ఉంటే మాత్రలెందుకు" అని ఎవరైనా అంటే, పౌలుకు ప్రియమైన స్నేహితుడు లూకా వైద్యుడని కొలస్సీ పత్రికలోనే ఉందని చెప్పండి. వాదించే ఓపిక లేకపోతే నవ్వి ఊరుకోండి, మాత్ర మాత్రం మింగండి. తాగుడు పూర్తిగా మానాలి, గాయపడ్డ మెదడు దాన్ని తట్టుకోదు.

మూర్ఛ వచ్చినప్పుడు దయ్యమని కేకలు వేయడం, గట్టిగా పట్టి అదమడం, చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం ఇప్పటికీ చూస్తున్నాం. చేయాల్సింది వేరు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, చుట్టూ గట్టి వస్తువులు తీసేయండి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఇదంతా చేస్తూ మనసులో ప్రార్థించడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

మాట పోయినా పాట ఉంటుంది

మెదడు ఎడమవైపు దెబ్బతిని మాట పడిపోయిన కొందరు, ఒక్క మాట కూడబలుక్కోలేనివాళ్ళు, పాట మొదలుపెడితే పదాలతో సహా పాడగలుగుతారు. రాగం, లయ, ఎన్నోసార్లు పాడిన అలవాటు మెదడులో మరోచోట కూడా నిలవ ఉండటమే కారణమని చెబుతారు. దీన్ని ఆధారం చేసుకుని 1970లలో బోస్టన్ పరిశోధకులు రాగంతో మాట నేర్పే చికిత్సను రూపొందించారు. 2011లో తుపాకీ గుండు తలలో దూరిన అమెరికా చట్టసభ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ మాట తిరిగి తెచ్చుకోవడంలో ఇలాంటి సంగీత చికిత్స సాయపడింది.

తెలుగు క్రైస్తవులకు ఈ విషయంలో పెద్ద ఆస్తి ఉంది. పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి 1890లో కన్నుమూసే లోపు మన రాగాల్లో, మన ఛందస్సు నడకలో రాసిన కీర్తనలు ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉన్నాయి. మన అవ్వలు పుస్తకం చూడకుండా పాడేవి అవే. తలకు దెబ్బ తగిలిన మనిషికి ఈ ఏడాది వచ్చిన కొత్త పాట నేర్పబోకండి. బాల్యంలో విన్న కీర్తన పక్కన కూర్చుని నెమ్మదిగా ఎత్తుకోండి. మొదటి చరణం మీరు పాడి రెండో చరణం మధ్యలో ఆగండి. మిగతాది వాళ్ళ నోటి నుంచి వస్తే ఆ ఇంట్లో ఆ రోజు పండగ. రాకపోయినా వేళ్ళు తాళం వేస్తాయి, అదీ చాలు. రోజూ అదే వేళకు అదే పాట. స్పీచ్ థెరపిస్టు అందుబాటులో ఉంటే ఆ కీర్తన గురించి ఆమెకూ చెప్పండి, పనికొస్తుంది.

సంఘానికి కొన్ని మాటలు

అయ్యగార్లకు, సంఘ పెద్దలకు నా మనవి. గది చిన్నది, సౌండు బాక్సులు పెద్దవి. కీబోర్డు, ప్యాడ్సు, మైకు కలిస్తే గాయపడ్డ మెదడు ఆ చోట పావుగంట కూడా నిలవలేదు. అతను గుడికి రావడం మానేస్తే "చల్లారిపోయినాడు" అంటారు. అతను పారిపోయింది చప్పుడు నుంచి. వెనక తలుపు పక్కన ఒక కుర్చీ అతని పేరున ఉంచండి. మధ్యలో లేచి వెళ్ళిపోతే ఎవరూ తిరిగి చూడకూడదని సంఘానికి ముందే చెప్పండి. వారం మధ్యలో అతని ఇంట్లోనే నలుగురితో, మైకు లేకుండా, ఇరవై నిమిషాల కూడిక పెట్టండి. ప్రభువు బల్ల అతని మంచం దగ్గరికి తీసుకెళ్ళండి.

ఓదార్చబోయి గాయపరిచే మాటలున్నాయి. "ఇంట్లో ఏదో పాపం ఉంటే తప్ప ఇట్లా కాదు" అనేది మొదటిది. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అదే ప్రశ్న వేస్తే ఇతడూ కాదు, ఇతని తల్లిదండ్రులూ కాదని యేసు తేల్చిచెప్పాడు. యోహాను సువార్త 9వ అధ్యాయం. ఆ మాట తెలిసీ మళ్ళీ అడిగేవాళ్ళను నేను క్షమించలేను. యోబు స్నేహితులు మొదటి 7 రోజులు నోరు మెదపకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు. అంతవరకు వాళ్ళు మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడిపోయారు. మీరు ఆ 7 రోజుల దగ్గరే ఆగండి. స్వస్థత పేరు చెప్పి దూరపు సభలకు తిప్పి, కానుక పేరున అప్పు చేయించేవాళ్ళను ఆ గడప తొక్కనీయకండి. మందులకు, మంచి తిండికి పోవాల్సిన డబ్బు అది.

నలుగురు మోసుకొచ్చిన పక్షవాత రోగి కథలో నాకు ఎప్పటికీ తీరని ఆశ్చర్యం ఒకటుంది. పైకప్పు విప్పి మంచం దించితే, యేసు వాళ్ళ విశ్వాసం చూసి ఆ రోగితో మాట్లాడాడు. మోసినవాళ్ళ విశ్వాసం. రోగి నోరు తెరిచినట్టు కూడా మార్కు రాయలేదు. తనకు తాను నమ్మలేని రోజుల్లో ఒక మనిషి తరఫున నలుగురు నమ్మవచ్చన్నమాట. గాయపడ్డ విశ్వాసీ, మీరు చేయాల్సిందల్లా ఆ నలుగుర్ని మోయనివ్వడం. భేషజం వదిలి ఒక మిత్రుడితో "నేను ప్రార్థించలేకపోతున్నాను, నా వంతు నువ్వు చెయ్యి" అని చెప్పండి. మగవాళ్ళకు ఈ మాట అనడం కష్టం. అయినా అనండి.

ఇంట్లో గాయపడ్డ భర్తను చూసుకునే ఇల్లాలిని కూడా చూడండి. భర్త పక్కనే ఉన్నా పాత భర్త లేడు. ఆ దుఃఖానికి మన దగ్గర ఊరేగింపూ లేదు, సంతాప కూడికా లేదు. స్త్రీల సమాజం వంతులేసుకుని వారానికి ఒక పూట ఆ ఇంట్లో కూర్చుంటే ఆమె నిద్రపోతుంది, బ్యాంకుకు వెళ్తుంది, లేదా ఊరికే ఏడుస్తుంది. కాగితాల పనిలో చదువుకున్న యువకులు సాయం చేయవచ్చు. సదరం క్యాంపుకు తీసుకెళ్ళడం, వికలత్వ ధ్రువపత్రం తెప్పించడం, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ చికిత్స దొరుకుతుందో కనుక్కోవడం. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000, పక్షవాతంతో మంచాన పడినవాళ్ళకు 15,000. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మెదడు దెబ్బతో మాట పోవడాన్ని కూడా వైకల్యంగా గుర్తించింది. పింఛను తీసుకోవడం విశ్వాసలోపం అనుకునేవాళ్ళు ఒకరిద్దరు కనబడతారు. హక్కుగా వచ్చేదాన్ని కృతజ్ఞతతో తీసుకోండి.

పనికిరాని మనిషి ఎవరూ లేరు

కేరళలో పుట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసేవారు. 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుము కింద భాగం చచ్చుబడింది. ఆమెది మెదడు గాయం కాదు, వెన్ను గాయం. కానీ ఆ తర్వాత ఆమె చేసింది మన విషయానికి చెందినదే. చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. న్యూయార్క్ వెళ్ళి పునరావాస వైద్యం నేర్చుకొచ్చారు. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం ఆమె చేతుల మీదుగా మొదలైంది. అదే కాలేజీలో 1949లోనే డాక్టర్ జేకబ్ చాందీ దేశంలో మొదటి నాడీశస్త్రచికిత్స విభాగం స్థాపించారు. మన రాయలసీమ నుంచి కాట్పాడిలో రైలు దిగి ఆ ఆసుపత్రికి వెళ్ళే కుటుంబాలు ఈ ఇద్దరి పని ఫలితాన్ని అనుభవిస్తున్నాయి. మేరీ వర్గీస్‌కు 1972లో పద్మశ్రీ వచ్చింది. ఆమెకు నడక తిరిగి రాలేదు, విశ్వాసమూ పోలేదు.

హైదరాబాదు హెబ్రోను నుంచి తెలుగు ఊరూరా సంఘాలు నిలబెట్టిన బక్త్ సింగ్ గారు 2000 సెప్టెంబరులో కన్నుమూశారు. గంటల తరబడి మోకాళ్ళ మీద ఉంటారని పేరు పొందిన మనిషి. చివరి ఏళ్ళలో పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బు ఆయన్ను మంచానికి కట్టేసింది. ఆయన దగ్గర ప్రార్థన నేర్చుకున్నవాళ్ళు ఆ మంచం చుట్టూ కూర్చుని ఆయన కోసం ప్రార్థించారు. అంతటి వాడికే మెదడు సహకరించని రోజులు వచ్చాయి. ఆ రోజుల్లో ఆయన విశ్వాసం తగ్గిందని ఎవరూ అనుకోలేదు. మరి మన ఊరి కూలివాడి విషయంలో ఎందుకు అనుకోవాలి?

పని ఇవ్వండి, చిన్నదైనా సరే. చాపలు పరచడం, గంట కొట్టడం, పాటల పుస్తకాలు పంచి మళ్ళీ సర్దడం. రోజూ ఐదు పేర్లు చీటీ మీద చూసి ఆ ఐదుగురి కోసం ప్రార్థించడం. క్రమం తప్పని పని మెదడును గట్టిపరుస్తుంది, మనిషిని నిలబెడుతుంది. రెండు కాళ్ళూ కుంటివైన మెఫీబోషెతు తనను తాను చచ్చిన కుక్కతో పోల్చుకున్నాడు. దావీదు దానికి బదులు చెప్పలేదు, రోజూ తన బల్ల దగ్గర భోజనానికి చోటు వేయించాడు. సంఘం నేర్చుకోవాల్సింది ఆ చోటు వేయడమే.

చివరగా రోడ్డు సంగతి. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి యాజకుడు దాటిపోయాడు, లేవీయుడు దాటిపోయాడు, సమరయుడు ఆగాడు. గాయాలు కడిగి, కట్టు కట్టి, సొంత వాహనం మీద ఎక్కించి, ఖర్చు పెట్టాడు. మన దేశ చట్టం ఆ సమరయుడి పేరునే వాడుకుంది. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షనుతో, ప్రమాద బాధితుణ్ణి ఆసుపత్రికి చేర్చినవాడి మీద కేసు ఉండదు. పేరు చెప్పమని, సాక్ష్యానికి రమ్మని బలవంతం చేయకూడదు. కాబట్టి నందికొట్కూరు రోడ్డులో ఎవరైనా పడి ఉంటే పోలీసుల భయంతో దాటిపోకండి. 108కి ఫోన్ చేయండి. మెడ కదలకుండా పట్టుకోండి, నీళ్ళు తాగించకండి, లేపి కూర్చోబెట్టకండి. తల గాయంలో మొదటి గంట చాలా విలువైనది. బైకెక్కితే మీరూ, వెనక కూర్చున్నవాళ్ళూ హెల్మెట్ పెట్టుకోండి, బకిల్ బిగించండి.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మీ సంఘంలో తలకు దెబ్బ తగిలి ఇంట్లో ఉండిపోయిన మనిషి ఎవరో కనుక్కోండి. ఫోన్ చేసి, ఏ వేళకు రావచ్చో ఇంటివాళ్ళను అడిగి వెళ్ళండి. పావుగంట కూర్చోండి. పాత కీర్తన ఒకటి మెల్లగా పాడండి, ఆ పూట మాత్రలు వేసుకున్నాడా అని అడగండి, వచ్చే వారం ఏ రోజు వస్తారో చెప్పి రండి. చెప్పిన రోజున తప్పకుండా వెళ్ళండి.